చివరి ఇంటికి కబురు

ముందు నాకొక మాట చెప్పండి. భోజనం ఎక్కడ మొదలవుతుంది?

"పళ్లెంలో అమ్మమ్మా" అన్నాడు చేతన్. వాడికి ఎప్పుడూ తొందరే. "కాదు, నోట్లో. లాలాజలం దగ్గర" అంది అభిజ్ఞ. దానికి మొన్ననే సైన్సు పరీక్ష అయింది మరి. ఇప్పుడే ఎవరికీ మార్కులు వెయ్యను. కథ వినండి. మధ్యలో ప్రశ్నలు అడగొచ్చు, కానీ చెయ్యెత్తి అడగాలి.

ఇది చాలా పాతకాలపు సంగతి. మన తూర్పు తీరాన, సముద్రం కనబడే కొండల మీద బౌద్ధ భిక్షువులు ఉండే రోజులు. అలాంటి ఒక కొండ మీద విహారంలో సంఘదాసు అనే భిక్షువు ఉండేవాడు. అతని గురువు రక్షిత థేరుడు. థేరుడంటే భిక్షువుల్లో పెద్దవాడని అర్థం. బాగా ముసలివాడు. ఎండిన చింతబరికెలా సన్నగా ఉండేవాడు. చూడ్డానికే సన్నం, వంచబోతే వంగడు.

భిక్షువులు వండుకోరు. తెల్లవారగానే పాత్ర పట్టుకుని కొండ దిగుతారు. ఇంటి ముందు మౌనంగా నిలబడతారు. పెట్టింది పుచ్చుకుంటారు. ఇది పెట్టండి అని అడగకూడదు. ఇక్కడ బాగా పెడతారు, అక్కడ పెట్టరు అని ఏ ఇంటినీ దాటిపోకూడదు. సూర్యుడు నడినెత్తికి రాకముందే ఆ పాత్రలోది తినేయాలి. ఇక మర్నాటి దాకా అన్నం ముట్టరు.

"మరి సాయంత్రం ఆకలేస్తే?"

చెయ్యెత్తలేదు. అయినా చెబుతాను. జబ్బుపడ్డవాళ్లకు ఒక వెసులుబాటు ఉండేది. నెయ్యి, వెన్న, నూనె, తేనె, బెల్లం. ఇవి వాళ్లకు మందుల కింద లెక్క. ఒంట్లో బాగాలేని భిక్షువు వీటిని సాయంత్రం కూడా పుచ్చుకోవచ్చు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సంఘదాసుకు దేవుడిచ్చిన గొంతు ఉండేది. భిక్షువులు పాటించే నియమాలన్నీ కలిపి ప్రాతిమోక్షం అంటారు. పుస్తకాలు లేని కాలం కదా, అదంతా ఒకరు కంఠస్థం చేసి, అందరి ముందూ మొదటి నుంచి చివరి దాకా వల్లించాలి. మధ్యలో ఆగకూడదు, తడుముకోకూడదు. ఏటా వానాకాలం వెళ్లాక వచ్చే పున్నమినాడు చుట్టుపక్కల కొండల మీది భిక్షువులంతా ఇక్కడికి చేరతారు. ఆ సభలో వల్లించే పని సంఘదాసుది. ఏడాది పొడుగునా అతను ఎదురుచూసే రోజు అది. అంతకు మించి అతనికి వేరే కోరిక లేదు.

ఇలా ఉండగా, ఆ ఊళ్లో మూలసిరి సెట్టి అనే ఓడల వర్తకుడు, తుపానులో చిక్కిన తన ఓడ క్షేమంగా ఒడ్డుకు చేరితే విహారానికి రోజూ భోజనం పంపిస్తానని మొక్కుకున్నాడు. ఓడ చేరింది. మంచి మనిషి. సంఘదాసుతోనే మాట్లాడి ఏర్పాటు చేశాడు.

"ఇకమీదట ఎండనక వాననక ఎవరూ తిరగక్కర్లేదు. ఆ పొద్దంతా చదువుకోవచ్చు" అన్నాడు సంఘదాసు.

తప్పు ఆలోచన అనడానికి లేదు. మీరైనా అదే అనేవాళ్లు.

పొద్దెక్కేసరికి సెట్టిగారి బండి కొండెక్కి వచ్చేది. మల్లెపువ్వు లాంటి తెల్లన్నం. పైన నెయ్యి. పాయసం. అప్పాలు. భిక్షువులు కూర్చున్నచోటే కూర్చుని తిన్నారు, తిన్నచోటే కూర్చుని చదివారు. అక్కడ తిష్యుడని ఒక భిక్షువు ఉండేవాడు, నోరూరుకోని మనిషి. "సెట్టిగారి నెయ్యి మహిమే మహిమ! ధ్యానానికి కూర్చోగానే కళ్లు వాటంతట అవే మూసుకుపోతున్నాయి. గురకొకటే అడ్డం" అనేవాడు.

బండి వచ్చినా రాకపోయినా, రక్షిత థేరుడు మాత్రం పొద్దున్నే తన పాత్ర పట్టుకుని కొండ దిగి వెళ్లిపోయేవాడు. ఎవర్నీ రమ్మనలేదు. ఎవర్నీ తప్పు పట్టలేదు.

ఏళ్లు గడిచాయి. సంఘదాసు ఒళ్లు చేశాడు. ఒక్క రోజులో వచ్చింది కాదు కాబట్టి ఏ రోజూ అతనికి తెలియలేదు. తిన్న వెంటనే మగత. రాత్రుళ్లు దాహం. మోచేతి మీద గీసుకున్న చిన్న గాయం నెలలైనా మానలేదు. మెట్లెక్కితే ఆయాసం. నీరసంగా ఉంది కదా, మరి నేను జబ్బువాణ్ణే అనుకుని, రోజూ సాయంత్రం నెయ్యి, బెల్లంపానకం పుచ్చుకోవడం మొదలుపెట్టాడు. మందు కదా! నియమం ఒప్పుకుంటుంది. తాగిన కాసేపు ప్రాణం లేచొచ్చినట్టుండేది. మర్నాటికి ఇంకా నీరసం. దానికి ఇంకాస్త పానకం.

ఒకనాడు తిష్యుడు వచ్చి, "సంఘదాసూ, నువ్వు మూత్రానికి వెళ్లే చోట చీమలు బారులు తీరాయి. వాటికి కూడా విందు పెడుతున్నావా ఏమిటి?" అన్నాడు.

నవ్వకండి. అభిజ్ఞా, చెయ్యెత్తావు, చెప్పు.

"షుగరా అమ్మమ్మా?"

మధుమేహం అనేవాళ్లు. ఆ రోజుల్లో రక్తపరీక్షలు లేవు. చీమలే చెప్పాలి.

ఇక్కడ కాస్త పాఠం చెప్పనివ్వండి. మనం తిన్నది అరిగి తీపిగా మారి రక్తంలోకి వస్తుంది. దాన్ని ఎక్కువగా లోపలికి పిలుచుకునేవి కండరాలు. కదిలే కండరం గట్టిగా పిలుస్తుంది. ఏళ్ల తరబడి కూర్చున్న కండరం పిలవడం తగ్గించేస్తుంది. పైగా తెల్లన్నం, పాయసం, పానకం గబగబా వచ్చిపడతాయి. ఆ తీపి ఏం చేస్తుంది? దిగడానికి ఇల్లు దొరకని చుట్టంలా రక్తంలోనే తిరుగుతుంది. తిరిగి తిరిగి కళ్లనీ, కాళ్లనీ, మూత్రపిండాలనీ మెల్లగా పాడుచేస్తుంది. పాఠం అయిపోయింది.

ఆ ఏడు వానలు మొదలయ్యే ముందు సంఘదాసు ప్రాతిమోక్షం వల్లించి చూసుకున్నాడు. సగానికి రాగానే ఊపిరి చాలలేదు. ఆగాడు. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ అక్కడే ఆగిపోయాడు. తెలిసిన మాటలే, నాలుక చివరే ఉన్నాయి. బయటికి తెచ్చే ఊపిరే లేదు. సభనాటికి ఇలాగే ఉంటే ఆ ఆసనం మీద ఇంకొకరిని కూర్చోబెడతారు.

ఆ దిగులులో ఉండగానే సెట్టిగారు వచ్చి వాపోయారు. "నేను ఇంత పంపిస్తుంటే పెద్దాయన వెళ్లి జొన్నసంకటి కోసం గుమ్మాల ముందు నిలబడుతున్నారు. ఊళ్లో నన్నేమనుకుంటారు స్వామీ?"

సంఘదాసు గురువు దగ్గరికి వెళ్లాడు. థేరుడు అప్పుడే ఊళ్లోంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్నాడు.

"భంతే," అన్నాడు సంఘదాసు. పెద్ద భిక్షువును అలా పిలుస్తారు. "తమరు ఇక కొండ దిగకండి. సెట్టిగారు నొచ్చుకుంటున్నారు. ఈ వయసులో అంత నడక తమరికెందుకు?"

"మానేయమంటావా?"

"మానేయండి భంతే."

"సరే" అన్నాడు థేరుడు.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని సంఘదాసు అనుకోలేదు.

"కానీ ఎన్నో ఏళ్లుగా పెట్టిన చేతులు నాయనా. చెప్పకుండా మానేస్తే నాకేమైందోనని కంగారు పడతారు. నువ్వు వెళ్లి చెప్పి రా."

"దానికేం, బండివాడితో కబురు పంపిస్తాను."

థేరుడు తన పాత్ర తుడిచి అతని చేతిలో పెట్టాడు. "కబురు చివరి ఇంట్లో చెప్పాలి. ఉప్పుమళ్లకు అవతల కంకమ్మ ఇల్లు. ఆవిడే అందరికన్నా పెద్దది, మిగతా ఇళ్లకు ఆవిడే చెబుతుంది. ఈ పాత్ర పట్టుకునే వెళ్లు. పాత్ర చేతిలో ఉంటే ఎలా వెళ్లాలో నీకు నేను చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. నియమాలన్నీ కంఠస్థం వచ్చిన మనిషి కదా. ఏ ఇంటినీ దాటకూడదు. భిక్ష పూర్తయ్యేదాకా ఇళ్ల దగ్గర నోరు విప్పకూడదు. బండెక్కకూడదు.

"జబ్బు మనిషైతే బండెక్కొచ్చు" అన్నాడు వెనక నుంచి తిష్యుడు. "ఎక్కు నాయనా. కాకపోతే జబ్బు మనిషి సభలో ఎలా వల్లిస్తాడని ఎవరైనా అడుగుతారేమో. నువ్వు ఏ మనిషివో ముందు తేల్చుకో."

సంఘదాసు పాత్ర తీసుకుని తన గదికి నడిచాడు. ఒక్క పూట పని, రేపటితో తీరిపోతుంది అనుకున్నాడు.

మర్నాడు కొండ దిగేసరికే బాగా పొద్దెక్కింది. గొల్లవాళ్ల గుమ్మం ముందు నిలబడితే ఆ ఇంటావిడ ముద్ద జొన్నసంకటి పెట్టి, "పెద్దసామి బాగున్నారా?" అంది. మాట్లాడకూడదు కదా, తలూపాడు. సాలెవాళ్ల ఇంట్లో ఉలవచారు పోశారు. వాళ్లూ అదే అడిగారు. మళ్లీ తలూపాడు. అక్కడికే సూర్యుడు పైకొచ్చేశాడు. ఇక తినకపోతే పొద్దు దాటిపోతుంది. ఒక రాతి మీద చతికిలబడి పాత్రలోది తిన్నాడు. సెట్టిగారి అన్నంలా జారిపోదు, నమలాలి. దవడలు నొప్పెట్టాయి. తిరిగి కొండెక్కుతుంటే మెట్టు మెట్టుకీ కూర్చోవలసి వచ్చింది.

పైన గుమ్మంలో థేరుడు అడిగాడు. "చెప్పావా?"

"చివరి ఇంటిదాకా పోలేకపోయాను భంతే."

"అయితే రేపు చెప్పు."

ఆ సాయంత్రం ఎప్పటిలా పానకం గిన్నె వచ్చింది. సంఘదాసు దాన్ని నోటిదాకా తెచ్చాడు. తిష్యుడి మాట గుర్తొచ్చింది. గిన్నె దింపేశాడు. అది ఎవరూ దింపమంటే దింపింది కాదు, అది గమనించండి.

మర్నాడూ పోలేకపోయాడు. ఆ మర్నాడూ అంతే. వానలు పడ్డాయి. దారంతా బురద. పాదం దిగబడితే పీక్కోవాలి. రోజూ కొండ దిగడం, ఎక్కడో ఒకచోట పొద్దు మించడం, కూర్చుని తినడం, తిరిగి రావడం. కొర్రన్నం, పెసరపప్పు, తోటకూర, చామదుంపలు, పల్చటి మజ్జిగ. ఒక ఇంట్లో ఏమీ లేక చిన్నపిల్ల పరుగున వచ్చి ఒక్క ఉడికిన దుంప పాత్రలో వేసింది. దానికీ తలవంచాడు.

"చెప్పావా?"

"లేదు భంతే."

"రేపు చెప్పు."

ఒక్కనాడు కూడా ఆ ముసలాయన గొంతులో విసుగు లేదు. నాకు ఆయనలో అదే నచ్చుతుంది. మనమైతే రెండోనాడే ఉపన్యాసం మొదలుపెడతాం.

ఒక పొద్దున థేరుడు కూడా వెంట బయల్దేరాడు. "కాళ్లు ఊరుకోవడం లేదు. పాత్ర నీదే. నేను వాడ మొదటి దాకా ఊరికే వస్తాను" అన్నాడు. ఆ నడక చూడాలి! బురదలో ఆయన పాదం ఎక్కడ పడుతుందో అక్కడే పడి, అక్కడి నుంచే తేలిగ్గా లేస్తుంది. తడిసిన గట్టు మీద కొంగ నడిచినట్టు. సంఘదాసు వెనక రొప్పుతూ వస్తున్నాడు. కొండకూ మొదటి వాడకూ నడుమ ఇళ్లు లేని దారి. అక్కడ మాట్లాడొచ్చు.

"భంతే, ఆకలి దంచేస్తోంది. భోజనం ఎప్పుడు మొదలుపెడదాం?"

థేరుడు ఆగి, అతని పిక్కల దాకా అంటిన బురదకేసి చూశాడు.

"మొదలుపెట్టి చాలాసేపయింది కదా" అని ముందుకు సాగిపోయాడు.

సంఘదాసు తన పిక్కలకేసి చూసుకున్నాడు. తర్వాత పరుగులాంటి నడకతో ఆయన్ని అందుకున్నాడు.

మెల్లమెల్లగా, మళ్లీ ఏ రోజూ తెలియకుండానే, మార్పు వచ్చింది. చేతి గాయం ఎండి పొక్కు రాలింది. రాత్రి దాహం తగ్గి తెల్లవార్లూ నిద్ర పట్టింది. చీమలు పలచబడ్డాయి. "నీ వాకిట్లో విందు లేదని తెలిసిపోయింది వాటికి" అన్నాడు తిష్యుడు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ దారిలో సంఘదాసు ప్రాతిమోక్షం వల్లించుకునేవాడు. మొదట్లో రెండు మాటలకు ఒక ఊపిరి. తర్వాత వాక్యానికి ఒక ఊపిరి. అటుపైన, మెట్లెక్కుతూ కూడా గొంతు తెగేది కాదు.

కొన్నాళ్లకు తిష్యుడు కూడా పాత్ర తీశాడు. "ఆ ఉలవచారు నువ్వొక్కడివే తాగుతావా?" అన్నాడు. అంతకన్నా పెద్ద కారణం ఏమీ చెప్పలేదు.

చేతన్, ఎత్తావు చెయ్యి, శభాష్. "సెట్టిగారి బండి ఏమైంది?" మంచి ప్రశ్న. బండి వస్తూనే ఉంది. కొండ దిగడం మానిన థేరుడూ ఆ వానలన్నాళ్లూ దానిలోదే రెండు ముద్దలు తిన్నాడు. మంచాన పడ్డవాళ్లకీ, లేవలేనివాళ్లకీ ఆ అన్నమే ఆధారమైంది. అన్నం పెట్టినవాడిది తప్పెలా అవుతుంది?

వానలు వెనకబట్టాయి. సభ జరిగే పున్నమి రానే వచ్చింది. ఆ పొద్దున సంఘదాసు ఎప్పటిలా కొండ దిగాడు. ఒక్కో గుమ్మం, ఒక్కో ముద్ద. తలెత్తి చూసేసరికి ఎదురుగా ఉప్పుమళ్లు తెల్లగా మెరుస్తున్నాయి. సూర్యుడు ఇంకా కిందనే ఉన్నాడు. మళ్ల మధ్య గట్టు మీద నడిచి అవతలికి చేరాడు. తాటాకు ఇల్లు. చివరి ఇల్లు.

కంకమ్మ బయటికి వచ్చింది. ఆవిడా ముసలిదే, ఉప్పు మోసి మోసి గట్టిపడ్డ మనిషి. గరిటెడు సజ్జగంజి పోయబోతూ పాత్ర అంచున ఉన్న నొక్కు చూసి ఆగిపోయింది.

"ఇది పెద్దసామి పాత్ర!" అంది. "ఈ వానలన్నీ ఆయన రానేలేదు. రోజూ గంజి కాచి గట్టు మీదికి చూసేదాన్ని. అటువేపు ఇళ్లవాళ్లు ఎవరో కుర్రసామి ఈ పాత్ర పట్టుకుని తిరుగుతున్నాడన్నారు. ఆయనకేమైందో అడిగితే తలూపుతాడట గానీ మాట్లాడడట. నువ్వేనా సామీ? నాతోనైనా చెప్పు. ఏమన్నా కబురు చెప్పమన్నారా?"

గంజి పోసింది. ఇక వెళ్లవలసిన ఇల్లు లేదు. మౌనం తీరింది. నోరు విప్పొచ్చు.

సంఘదాసు గట్టుకేసి చూశాడు. తను నడిచొచ్చిన దారంతా కొండ దాకా కనబడుతోంది. ఒక్క మాట చెప్పాడు. కంకమ్మ గరిటె చేత్తోనే దణ్ణం పెట్టింది.

"ఏం చెప్పాడు అమ్మమ్మా?"

ఆగండి, అక్కడికే వస్తున్నాను.

సాయంత్రం చంద్రుడు సముద్రంలోంచి లేచే వేళకు విహారమంతా కాషాయమే. అన్ని కొండల నుంచీ వచ్చారు. సంఘదాసు ఆసనం మీద కూర్చుని మొదలుపెట్టాడు. గొంతు పాతదే. ఊపిరి మాత్రం కొత్తది. ఎప్పుడూ తెగిపోయే చోటు వచ్చింది. తిష్యుడు కళ్లు గట్టిగా మూసుకున్నాడు. గొంతు ఆ చోటు దాటి, గట్టు మీద నడిచినట్టు నింపాదిగా సాగిపోయింది. చివరి మాట దాకా ఎక్కడా ఆగలేదు.

సభ లేచింది. వచ్చినవాళ్లంతా అతన్ని మెచ్చుకుని విడుదులకు వెళ్లారు. సంఘదాసు గురువు పాత్రను శుభ్రంగా కడిగి తెచ్చి ఆయన ముందు పెట్టాడు.

వల్లింపు గురించి థేరుడు ఒక్క మాటా అనలేదు.

"కంకమ్మకు చెప్పావా?" అన్నాడు.

"చెప్పాను భంతే."

"ఏమని?"

"రేపటి నుంచి ఇద్దరం వస్తామని."

ముసలాయన పాత్ర అంచున నొక్కును బొటనవేలితో తడిమాడు.

"అయితే పెందరాళే పడుకో" అన్నాడు.

అంతే కథ. ఇక నన్ను లేవనివ్వండి. మేడ మీద వడియాలు సగం గుడ్డకే అతుక్కుని ఉన్నాయి. గుడ్డ వెనకవైపు నీళ్లు చిలకరించి వచ్చాను, మళ్లీ ఎండిపోతే ఊడిరావు.

ఏమిట్రా చేతన్, లిఫ్టు పిలవనా అంటావా? పిలువు, నువ్వు దాంట్లో రా. నేను మెట్ల మీదుగా వెళుతున్నాను.